పావని సవరణ

గాజు గదిలో భాద్రపదం నడుస్తోంది. పావని ఒళ్ళంతా జిడ్డుగా ఉంది. ఊపిరి పీలిస్తే తడిగుడ్డలోంచి పీల్చినట్టుంది. గంట కిందట ఆషాఢం, అరగంట కిందట శ్రావణం. అంతకు ముందు వైశాఖం గడిచిన అరగంట ఎలా గడిచిందో ఆమెకు సరిగా గుర్తు లేదు. ఆ అరగంటలో రెండుసార్లు కళ్ళు తిరిగితే నర్సు తలుపు తీయబోయింది. పావనే వద్దని చెయ్యి ఊపింది.

"ఇంకెంతసేపు డాక్టరు గారూ?"

"భాద్రపదం అయిపోవస్తోందండీ. ఇంకా ఆరు నెలలు. అంటే మూడు గంటలు," అన్నాడు కౌండిన్య స్పీకర్‌లోంచి. "ఓపిక పట్టండి. ముందున్నవి చల్లటి నెలలే."

ఆ యంత్రానికి కాగితాల మీద పేరు ఋతుమాపకం. జనం దాన్ని ఊరిపెట్టె అంటారు. మంచం పట్టేంత గాజు గది. అందులో మనిషిని కూర్చోబెట్టి, అతను ఉంటున్న ఊరి ఏడాది మొత్తాన్ని ఆరు గంటల్లో నడుపుతారు. అరగంటకో నెల. ఆ ఊళ్ళో ఏ నెలలో ఎంత వేడి, ఎంత తేమ, ఏ వైపు గాలి ఉంటుందో గదిలోనూ అంతే ఉంటుంది. ఒంటికి అంటించిన సెన్సర్లు చెమట ఎంత పడుతోంది, పట్టిన చెమట ఆరుతోందా లేదా, చర్మాన్ని చల్లబరచడానికి గుండె ఎంత కష్టపడుతోంది, కిడ్నీల దాకా చేరే రక్తం ఎంత తగ్గుతోంది అన్నవన్నీ కొలుస్తాయి. ఒక ఊరి ఏడాదిని శరీరం ఎలా తట్టుకుందో తెలిస్తే, మిగతా రెండు వందల ఊళ్ళ సంగతి కంప్యూటర్ లెక్క కట్టేస్తుంది. చివరికి ఊరికొక అంకె వస్తుంది. అది నివాసాంకం. సున్నా నుంచి వంద వరకు.

ఉంటున్న ఊరికి నివాసాంకం ముప్పై కంటే తక్కువ వస్తే, ఆ ఊరు ఆ మనిషిని మెల్లగా చంపుతోందని అర్థం. అలాంటివాళ్ళకు నివాస మండలి వేరే ఊళ్ళో ఇల్లిస్తుంది. కొండల మీద కొత్తగా కట్టిన చల్లటి ఊళ్ళు ఆరున్నాయి. వేసవిలో యాభై డిగ్రీలు దాటడం ఏటా మామూలైపోయాక, ప్రభుత్వం చేసిన పనుల్లో జనం మెచ్చుకున్నది ఇదొక్కటే.

సాయంత్రానికి పావని అంకె తేలింది. పల్నాడులో ఆమె పుట్టి పెరిగిన ఎర్రమడుగుకి ఇరవై రెండు. తూర్పు కొండల్లోని మంచుపాడుకి తొంభై ఒకటి.

"తొంభై ఒకటి చాలా అరుదండీ. మీ శరీరం ఆ ఊరి కోసమే పుట్టింది," అన్నాడు కౌండిన్య. నలభై ఏళ్ళ మనిషి. ఆ యంత్రం అతని పదకొండేళ్ళ శ్రమ. అంకె చెబుతున్నప్పుడు అతని ముఖంలో సంతోషం పావనికి ముచ్చటగా అనిపించింది.

పావనికి యాభై రెండేళ్ళు. రెండు వేసవుల కిందట రోహిణి కార్తెలో భర్త పొలం గట్టు మీద పడిపోయి మళ్ళీ లేవలేదు. పిల్లలు లేరు. ఎర్రమడుగులో ఆమెకు మిగిలింది వడియాల పని, పక్కింటి ఎస్తేరు.

ఎస్తేరు మిరప కల్లంలో కూలి. ఎండుతున్న కాయలు తిరగేయడం, రంగు పోయిన తాలుకాయలు ఏరడం ఆమె పని. పావని కంటే నాలుగేళ్ళు పెద్ద. ఇరవై రెండేళ్ళుగా ఇద్దరిదీ ఒకే గోడ. పావని పెట్టే చల్లమిరపకాయలకి పచ్చికాయలు ఏరి తెచ్చేది ఆమే.

"పోయిరా. నా వీధి పేర్లు కూడా వచ్చినాక నేనూ ఆడికే వస్తా," అంది ఎస్తేరు బస్సు దగ్గర. "పొద్దున్నే దుప్పటి కప్పుకోవాలంట గదా అక్కడ? వింటానికే హాయిగా ఉంది." ఆమె కాళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. చెప్పుల పట్టీలు పాదాల్లోకి దిగిపోయి కనిపిస్తున్నాయి. ఊరిపెట్టె పరీక్షకి వీధుల వారీగా పిలుస్తారు. గోడ ఒకటే అయినా ఎస్తేరు గుమ్మం వెనక వీధిలోకి తెరుచుకుంటుంది. ఆ వీధి వంతు రావడానికి ఇంకా ఏడాది పడుతుందన్నారు.

మంచుపాడులో పావనికి మొదటి నెల పండగలా గడిచింది. పిక్కలు పట్టేయడం ఆగిపోయింది. మధ్యాహ్నం తలనొప్పి లేదు. తెల్లారి లేస్తే ఒళ్ళు తేలిగ్గా ఉండేది. రెండో నెలలో గుమ్మడికాయలు కొని, మినప్పిండి రుబ్బి, పాత చీర మేడ మీద పరిచి వడియాలు పెట్టింది.

మొదటి రోజు మబ్బు. రెండో రోజు మబ్బు. మూడో రోజు పదకొండింటికి ఎండలాంటిదేదో వచ్చి, గంటలో పోయింది. నాలుగో రోజు వడియాల మీద తెల్లటి నూగు కనిపించింది. ఆరో రోజుకి అది నల్లబడింది.

పావని పట్టు వదల్లేదు. పొయ్యి మీద అటక కట్టించి పెట్టింది. పొగ వాసన పట్టాయి. కిటికీ అద్దం వెనక పెట్టింది. పులిసిపోయాయి. ఎలక్ట్రిక్ డ్రయర్ తెప్పించింది. అందులో ఎండాయి గానీ, నూనెలో వేస్తే పొంగలేదు. గులకరాళ్ళలా అడుగున కూర్చున్నాయి. ఎండలో వడియం పైపొర కట్టాక, లోపలి తడి మెల్లగా రెండు మూడు రోజులు దారి చూసుకుంటూ బయటికి వస్తుంది. ఆ దారులే నూనెలో పొంగుతాయి. డ్రయర్‌లో అన్ని వైపులా ఒకేసారి గట్టిపడితే దారులుండవు. ఈ సంగతి పావని చేతులకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఎవరికైనా మాటల్లో చెప్పాల్సిన అవసరం అప్పటిదాకా రాలేదు.

మండలి వాళ్ళు ఆమెకి పుట్టగొడుగుల షెడ్డులో పని చూపించారు. చల్లటి ఊరికి తగిన పని అన్నారు. చీకటి గదిలో సంచులకి నీళ్ళు చల్లడం, మొలిచినవి కోయడం. రెండు నెలలు చేసింది. పనిలో కష్టమేమీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ రోజు తను ఏం చేసిందో మాత్రం గుర్తుండేది కాదు. ఎర్రమడుగులో ఆమె వడియాలకి మాచర్ల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. పెళ్ళిళ్ళకి రెండు నెలల ముందే చెప్పి పెట్టుకునేవాళ్ళు. ఇక్కడ ఆమె మూడో షెడ్డు, ఏడో వరస.

తిరిగి పోతానని అడిగింది. కుదరదన్నారు. ముప్పై లోపు అంకె వచ్చిన ఊళ్ళో ఆ మనిషి పేరు మీద కరెంటు గానీ, నీళ్ళు గానీ ఇవ్వరు. పావని సహాయ కేంద్రానికి ఫోన్ చేసింది.

"పావని గారూ, నమస్కారం. మీ నివాసాంకం తొంభై ఒకటి. మీ గుండె, నిద్ర, కిడ్నీలు చాలా బాగున్నాయి," అంది అవతలి మెషీన్ గొంతు. "మీ ఫిర్యాదు పరిష్కారమైనట్టు నమోదు చేశాం."

"నేనింకా ఫిర్యాదే చెప్పలేదు గదమ్మా!"

"ధన్యవాదాలు."

అలా పదిహేనుసార్లు అయింది. ఒకసారి ఏడ్చింది కూడా. "మీ గుండె వేగం పెరిగింది, కాసేపు విశ్రాంతి తీసుకోండి," అంది ఆ గొంతు. పదహారోసారి ఫోన్ చేయలేదు. బూజు పట్టిన వడియాలు స్టీలు డబ్బాలో సర్దుకుని, కొండ దిగే మొదటి బస్సెక్కి విజయవాడ వెళ్ళింది. కౌండిన్య ల్యాబ్ గుమ్మం దగ్గర మూడు గంటలు కూర్చుంది. అతను భోజనానికి బయటికొచ్చినప్పుడు లేచి, చేతిలోని డబ్బా మూత తీసి చూపించింది.

"ఇదేమిటండీ?"

"గుమ్మడి వడియాలు. మీ తొంభై ఒకటో నంబరు ఊళ్ళో పెట్టినయ్యి."

కౌండిన్య ఆమెని లోపలికి తీసుకెళ్ళాడు. కంప్యూటర్‌లో ఆమె రికార్డు తెరిచి చూసి తల ఊపాడు. "మీ రీడింగులన్నీ అద్భుతంగా ఉన్నాయండీ. బీపీ కూడా తగ్గింది."

"తగ్గిందయ్యా. ఒంటికి ఏ లోటూ లేదు. కానీ ఈ చేతులున్నాయే," పావని రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "వీటికి ఆ ఊళ్ళో పనిలేదు. నీ పెట్టె నా చెమట కొలిచింది, రక్తం కొలిచింది. నేనేం చేసి బతుకుతానో అడిగిందా? ఒక్క ముక్క అడిగిందా?"

కౌండిన్య లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "అడగలేదండీ," అన్నాడు చివరికి. "అడగాలని నాకు తట్టలేదు."

"ఇప్పుడు అడుగు మరి."

ఆ మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళలేదు. పావని చెబుతుంటే రాసుకున్నాడు. పిండి పెట్టిన రోజు పొద్దున పది లోపల ఎండ గట్టిగా తగలాలి. పడమటి గాలి వీస్తే మేలు, తూర్పు గాలి వస్తే కప్పేయాలి. మూడు రోజులు వరసగా ఎండ ముప్పై ఆరు డిగ్రీలకి తగ్గకూడదు. నాలుగో రోజు చీర వెనకవైపు నీళ్ళు చిలకరించి ఒడుపుగా ఊడదీసి, మళ్ళీ రెండో వైపు ఎండబెట్టాలి. సగ్గుబియ్యానికి ఒక రకం ఎండ, చల్లమిరపకాయలకి ఇంకో రకం. వాటిని పగలు ఎండబెట్టి, పొద్దుగూకగానే మళ్ళీ మజ్జిగలో వేయాలి. కౌండిన్య మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడిగాడు. తన పని గురించి అంత శ్రద్ధగా ఒక చదువుకున్నవాడు అడగడం పావనికి అదే మొదటిసారి. ఆమె కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"దీన్ని లెక్కలో పెట్టొచ్చండీ," అన్నాడు అతను. "పనికి కావలసిన వాతావరణం, శరీరానికి కావలసిన వాతావరణం, రెండూ కలిపి ఒకే అంకె. వృత్తి గుణకం అందాం. మీలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో."

"చాలామందే ఉంటారయ్యా. ఎండతో పనున్నవాళ్ళు ఎందరు లేరు! నీకే తెలియదు గానీ."

ఆ మాట అతన్ని పట్టుకుంది. తర్వాతి నాలుగు నెలలూ అతను ఇటుక బట్టీలు, ఉప్పు మడులు, చేపలు ఎండబెట్టే తీరాలు, మిరప కల్లాలు తిరిగాడు. డెబ్బై ఆరు పనులకి ఏ వాతావరణం కావాలో కొలిచి యంత్రానికి నేర్పాడు. అప్లికేషన్ చివర ఒక గడి పెట్టాడు. 'వృత్తిని కూడా లెక్కలోకి తీసుకోవాలా?' దాని కింద, 'కావాలనుకున్నవారు మాత్రమే' అని రాశాడు.

కొత్త లెక్కలో పావనికి ఎర్రమడుగు అంకె అరవై నాలుగు వచ్చింది. మంచుపాడు ఇల్లు మండలికి అప్పగించి, మాఘమాసంలో ఆమె ఊరికి తిరిగొచ్చింది. మేడ మీద చీర పరిచి వడియాలు పెడుతుంటే ఎండ వీపు మీద చురుక్కుమంది. తల తిరిగింది. నీడకి వచ్చి నీళ్ళు తాగి, మళ్ళీ వెళ్ళి పెట్టింది. ఆ రోజు ఆమె పాడుకుంటూ పని చేసిందని తర్వాత ఎస్తేరే అందరికీ చెప్పింది.

ఎస్తేరు మాత్రం అంతకు ముందులా లేదు. ముఖం ఉబ్బింది. కల్లంలో గంట పని చేస్తే అరగంట కూలబడుతోంది. కిడ్నీలు ఇంకో రెండు వేసవులు తట్టుకుంటే గొప్పేనని ఆస్పత్రిలో చెప్పారు. ఊరు మారితే నయమవుతుందా అంటే, మారితే ఇంకా పాడవకుండా ఆగుతాయి అన్నారు. ఆమె ట్రంకు పెట్టె సర్దేసి ఏడాది అయింది.

"నువ్వు వెనక్కొచ్చావు. నేను పోతన్నా," అని నవ్వింది. "నీకేం, పిచ్చి ముండవి. నాకు ఆ దుప్పటి కావాల."

ఫాల్గుణంలో వెనక వీధి వాళ్ళకి పిలుపు వచ్చింది. పావని తోడు వెళ్ళింది. పరీక్షా కేంద్రం పట్నంలో, పెద్ద హాలు. ఎస్తేరు గాజు గదిలో ఆరు గంటలు కూర్చుంది. వైశాఖంలో యంత్రం తనంతట తనే ఆగిపోయి తలుపు తెరుచుకుంది. లోపల మనిషికి ప్రమాదమనిపిస్తే అలా ఆగుతుందట. నర్సు ఆమెని బయటికి తెచ్చి, ముఖం మీద నీళ్ళు కొట్టి, గంట తర్వాత మళ్ళీ కూర్చోబెట్టింది.

బయటికొచ్చాక కౌంటర్‌లో చీటీ ఇచ్చారు. ఎస్తేరుకి కళ్ళు ఇంకా మసగ్గానే ఉన్నాయి. పావని చదివింది.

శరీర అంకె: ఎర్రమడుగుకి పంతొమ్మిది. వృత్తి: మిరప కల్లం. వృత్తి కలిపిన తుది అంకె: డెబ్బై ఒకటి. తగిన నివాసం: ఎర్రమడుగు.

పావని రెండోసారి చదివింది. కౌంటర్ దగ్గరికి పరిగెత్తినట్టు వెళ్ళింది. "ఇదేందయ్యా, పంతొమ్మిదని మీరే రాశారు. మళ్ళీ డెబ్బై ఒకటేంది?"

"వృత్తి కలిపామమ్మా. మిరపకాయలకి ఎర్రమడుగు ఎండ చాలా అనుకూలం," అన్నాడు కౌంటర్‌లోని గుమాస్తా.

"ఆ గడి కావాలన్నవాళ్ళకే గదా! ఈమె కావాలనలేదు."

"అది పాత ఫారమమ్మా. మొన్న సంక్రాంతి తర్వాత నుంచి అందరికీ తప్పనిసరి చేశారు."

"ఈమెకి ఆ పని వద్దు. ఇంకో పని రాసుకో."

"ఇంకో పని రాయాలంటే అందులో మూడేళ్ళు చేసినట్టు సర్టిఫికెట్ ఉండాలి."

"మూడేళ్ళా? ఈమెకి రెండేళ్ళన్నా ఉందో లేదో తెలవదు!"

గుమాస్తా తల దించుకున్నాడు. చెడ్డవాడేం కాదు. రోజుకి ఆరేడు వందల మందికి అదే మాట చెప్పి అలిసిపోయినవాడు. పావని అక్కడి నుంచే కౌండిన్యకి ఫోన్ చేసింది. అతను వెంటనే ఎత్తాడు.

"తెలుసండీ," అన్నాడు. గొంతు నీరసంగా ఉంది. "నేను వద్దని తొమ్మిది ఉత్తరాలు రాశాను. చల్లటి ఊళ్ళల్లో ఇళ్ళు తక్కువ, అడిగేవాళ్ళు నలభై వేల మంది. వృత్తి కలిపి చూస్తే మూడు వేల మందే మిగిలారు. ఒక్క రోజులో క్యూ తగ్గిపోయింది. ఆ సంతోషంలో నా మాట ఎవరు వింటారు?"

"ఆ మిగిలిన మూడు వేల మంది ఎవరు?"

"కుర్చీలో కూర్చుని చేసే పనులకి ఏ ఊరి వాతావరణమైనా ఒకటేనండీ. వాళ్ళకి శరీరం అంకె ఒక్కటే లెక్కలోకి వస్తుంది. ఎండలో పని చేసేవాళ్ళందరికీ ఎండే తగిన చోటని వస్తోంది. మంచుపాడులో మీరు ఖాళీ చేసిన ఇంటికి మండలి రికార్డుల ఆఫీసరు వచ్చారు."

పావని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ గుమాస్తా దగ్గరికే వచ్చింది. "అభ్యంతరం రాసుకో నాయనా. నా పేరు మీద రాసుకో."

"చెప్పండి."

"పావని. ఎర్రమడుగు. వడియాల పని."

అతని చేయి కీబోర్డు మీద ఆగిపోయింది. తలెత్తి చూశాడు. ముఖం విప్పారింది. "మీరేనా అమ్మా! ఎర్రమడుగు పావని గారు మీరేనా!" కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మా అందరికీ మీ పేరు తెలుసమ్మా. ఆర్డరు కాగితం మీదే ఉంది. పావని సవరణ అనే పిలుస్తారు దాన్ని. ఇంతకు ముందు ఈ హాల్లో నిలబడటానికి చోటుండేది కాదు. మీ పుణ్యమా అని ఇప్పుడు ఆరింటికల్లా ఇంటికి పోతున్నాం. అమ్మకి కుర్చీ వెయ్యండర్రా, ఏసీ కింద వెయ్యండి!"

అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. గొంతు మాత్రం హాలంతా వినిపించింది.

చీటీలు చేతిలో పట్టుకుని నిలబడ్డ వాళ్ళందరూ ఇటు తిరిగారు. ఇటుక బట్టీ దుమ్ము ఇంకా జుట్టులోనే ఉన్న ఒకామె, చేతులకి ఉప్పు పుళ్ళున్న ఒక ముసలాయన, ఇంకా ఎందరో. ఎవరో కుర్చీ తెచ్చి వేశారు. పావని కూర్చోలేదు.

ఎస్తేరు గోడ పట్టుకుని మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. చీటీ తీసుకుని, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, అడుగున చిన్న అక్షరాల్లో 'పావని సవరణ ప్రకారం' అని ఉన్న లైను వేలు పెట్టి చదివింది. తర్వాత పావని వైపు చూసింది.

"ఆ పెట్టెకి నా పని గురించి చెప్పింది నువ్వా?"

"నా పని గురించే చెప్పానక్కా. వడియాల గురించే. నీ ఊసే ఎత్తలా. ఒట్టు."

"ఎండతో పనున్నవాళ్ళు చాలామంది ఉన్నారని చెప్పలా?"

మంచుపాడు నుంచి ఫోన్ చేసినప్పుడు ఆ డాక్టరుతో అన్న మాటలన్నీ పావనే పొంగిపోతూ ఎస్తేరుకి చెప్పింది.

"నీ పని నీకిష్టం పావనీ," అంది ఎస్తేరు. గొంతులో కోపం లేదు. అది ఉంటే పావనికి కొంచెం తేలిగ్గా ఉండేదేమో. "ఎండలో నిలబడితే నీకు పాట వచ్చిద్ది. నాకు వాంతి వచ్చిద్ది. నీది ఇష్టం, నాది కూడు. ఆ తేడా ఆ గాజు పెట్టెకి తెలవదు, పోనీ. ఇరవై రెండేళ్ళుగా కల్లంలో నన్ను చూస్తన్నావు. నీకు తెలవద్దా?"

చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని, ఆమె బస్టాండు వైపు నడిచింది. వాచిన కాళ్ళతో అడుగు తీసి అడుగు వేస్తూ నడిచింది. పావని రెండడుగులు వెంట వెళ్ళింది. ఎస్తేరు వెనక్కి చూడకుండానే వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఇరవై రెండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి వచ్చి వేరు వేరు బస్సుల్లో ఊరికి పోవడం అదే మొదలు.

పావని మళ్ళీ హాల్లోకి వచ్చింది. గుమాస్తా ఆప్యాయంగా నీళ్ళు ఇవ్వబోయాడు. ఆమె తీసుకోలేదు.

"అభ్యంతరం ఎక్కడ పెట్టాలో చెప్పు."

"ఏడో కౌంటరమ్మా. కానీ మీరు లైన్లో ఎందుకు, నేను లోపలికి..."

"లైన్లోనే నిలబడతా."

టోకెన్ తీసుకుంది. ఆమె ముందు నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. ఇటుక బట్టీ ఆమె ఒక్క క్షణం పావనిని ఎగాదిగా చూసి, కొంగు దగ్గరికి లాక్కుని, ఒక అడుగు ముందుకి జరిగింది. ఆ ఖాళీలో పావని నిలబడింది. ఏడో కౌంటర్ కిటికీ మూసి ఉంది. మధ్యాహ్నం పెట్టిన భోజన విరామం బోర్డు ఇంకా తీయలేదు.